బ్రేకే నొక్కానండీ!

“బ్రేకే నొక్కానండీ... బండి ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా స్పీడుగా పోయింది!”

ఈ మాట మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్‌ని గుద్దిన కారు పక్కన. షట్టర్ చీల్చుకుని షాపులోకి దూసుకుపోయిన కారు పక్కన. లేదంటే వాట్సాప్ గ్రూపులో తిరిగే సీసీటీవీ వీడియో కింద. వినగానే మనం రెండు పార్టీలుగా చీలిపోతాం. “డ్రైవింగ్ రానివాళ్లకి కారెందుకు?” అనేది ఒక పార్టీ. “ఈ కొత్త కార్లన్నీ కంప్యూటర్లే బాసూ, ఎప్పుడేం చేస్తాయో ఎవరికి తెలుసు?” అనేది రెండో పార్టీ.

ఈ గొడవ ఎక్కడ జరిగినా నేను ఆగి వింటాను. ఎందుకంటే ఇందులో రెండు పార్టీలూ వేర్వేరు రోజుల్లో గెలిచాయి. ఒకసారి కారు తప్పు. ఒకసారి కాలు తప్పు. కానీ ఏ పార్టీ గెలిచినా, ఆ ఐదు సెకన్లలో ఏం చేయాలో తెలిసినవాళ్లు మాత్రం మన చుట్టూ చాలా తక్కువ. ఈ వారం మాట్లాడుకుందాం అనుకున్నది దాని గురించే.

ఒక్క మ్యాట్, నాలుగు ప్రాణాలు

2009 ఆగస్టు 28. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ డియెగో ఊరి దగ్గర. హైవే పెట్రోల్‌లో పనిచేసే ఒక పోలీసు అధికారి, ఆ రోజు డ్యూటీలో లేరు. తన కారు సర్వీసింగ్‌కి ఇచ్చి, డీలర్ తాత్కాలికంగా ఇచ్చిన లెక్సస్ ఈఎస్ 350లో కుటుంబంతో వెళ్తున్నారు. కారు వేగం పెరుగుతూనే ఉంది. 160 కిలోమీటర్లు దాటేసింది. వెనక నుంచి బావమరిది 911కి ఫోన్ చేసి బ్రేకులు పనిచేయడం లేదని చెప్పారు. ఆ కాల్ అలా నడుస్తుండగానే యాక్సిడెంట్ అయిపోయింది. కారులో ఉన్న నలుగురూ చనిపోయారు.

హైవే మీద బండి నడపడమే ఉద్యోగంగా ఉన్న మనిషి. ఆయన్ని “డ్రైవింగ్ రాదు” అనగలమా?

విచారణలో తేలింది ఏమిటంటే, ఆ కారులో వేసిన రబ్బరు ఫ్లోర్ మ్యాట్ ఆ మోడల్‌ది కాదు. వేరే మోడల్‌ది. క్లిప్పులకి సరిగ్గా తగిలించి కూడా లేదు. అది ముందుకు జరిగి యాక్సిలరేటర్ పెడల్‌ని కింద పట్టేసింది. ఇంకా బాధ కలిగించే విషయం ఒకటుంది. అంతకు కొద్ది రోజుల ముందే అదే కారు తీసుకున్న ఇంకో కస్టమర్‌కి ఇలాగే అయింది. ఆయన ఎలాగో పక్కకి తీసి ఆపి, మ్యాట్ ఇరుక్కుందని చూసి, కారు తిరిగి ఇచ్చేటప్పుడు డీలర్ దగ్గర చెప్పారు కూడా. మాట అక్కడే ఆగిపోయింది. కారు మాత్రం ఇంకో కుటుంబం చేతికి వెళ్లింది.

పెడల్ ఇరుక్కుంది, నిజం కూడా ఇరుక్కుంది

ఆ తర్వాత టయోటా లక్షల కార్లను వెనక్కి పిలిచింది. మొదట మ్యాట్ల కోసం. 2010 జనవరిలో ఇంకో కారణంతో మరో 23 లక్షల కార్లు. ఈ రెండోది వింతగా ఉంటుంది, వినండి.

పాత కార్లలో మీ పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఒక తీగ ఉండేది, సైకిల్ బ్రేక్ వైర్ లాగా. నొక్కితే ఆ తీగ లాగి ఇంజిన్‌కి గాలి వెళ్లే మూత తెరిచేది. ఇప్పటి కార్లలో తీగ లేదు. పెడల్ దగ్గర సెన్సర్ ఉంటుంది. మీరు ఎంత నొక్కారో అది కంప్యూటర్‌కి చెబుతుంది. మూత ఎంత తెరవాలో కంప్యూటర్ చెబుతుంది. తీగ పోయేసరికి పెడల్ మరీ తేలికైపోయింది. పాత ‘ఫీల్’ రావాలని పెడల్‌లో కావాలనే కొంచెం రాపిడి పుట్టించే చిన్న భాగం పెట్టారు. అదే అరిగి, తేమ చేరి, కొన్ని కార్లలో పట్టేయడం మొదలుపెట్టింది. కాలు తీసినా పెడల్ వెంటనే పైకి రాదు. దానికి మందు ఏమిటో తెలుసా? సందులో పెట్టే ఒక చిన్న స్టీలు ముక్క.

2010 ఫిబ్రవరిలో టయోటా అధినేత అకియో టయోడా అమెరికా పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని క్షమాపణ చెప్పారు. 2014 మార్చిలో, ఈ రెండు లోపాల విషయంలో వినియోగదారుల్ని తప్పుదోవ పట్టించిన కేసులో, కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టడానికి అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అప్పటికి ఒక కార్ల కంపెనీ మీద పడిన ఆ తరహా జరిమానాల్లో అదే పెద్దది.

మరి కంప్యూటర్? అమెరికా ప్రభుత్వం ఈ ప్రశ్నను నాసా ఇంజినీర్లకి అప్పగించింది. నెలల తరబడి పరీక్షించి, 2011 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. అంత ప్రమాదకరంగా కారు దూసుకుపోయేలా చేసే ఎలక్ట్రానిక్ లోపం తమకి దొరకలేదన్నారు. అక్కడితో అయిపోయిందా? లేదు. 2013లో ఓక్లహోమా కోర్టులో ఒక కేమ్రీ కారు కేసు వచ్చింది. సాఫ్ట్‌వేర్ నిపుణులు ఆ కారు కోడ్ చూసి, అందులో లోపాలున్నాయని సాక్ష్యం చెప్పారు. జ్యూరీ బాధితుల పక్షాన 30 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది. కంపెనీ తన ఎలక్ట్రానిక్స్‌లో తప్పు లేదనే అంటూ, చివరికి రాజీ చేసుకుంది.

ఇదేదో పాతకాలపు గొడవ అనుకోకండి. 2024 ఏప్రిల్‌లో టెస్లా తన సైబర్‌ట్రక్‌లు 3,878 వెనక్కి పిలిచింది. యాక్సిలరేటర్ పెడల్ మీద ఉండే తొడుగు ఊడి, జారి, పైనున్న ప్యానెల్ కింద ఇరుక్కుంటోందని. కారణం? ఫ్యాక్టరీలో ఆ తొడుగు సులువుగా ఎక్కడానికి ఎవరో సబ్బు వాడారు! అంత హైటెక్ బండి, అంత లోటెక్ తప్పు.

కాబట్టి “కారు తప్పు ఎప్పటికీ ఉండదు” అనే పార్టీ ఇక్కడ ఓడిపోయింది. సరే. ఇప్పుడు నాణేనికి రెండో వైపు.

కాలు మోసం చేయదు, పొరబడుతుంది

మీ ఇంట్లో ఆటోమేటిక్ కారు ఉందా? బ్రేక్ నొక్కనిదే గేర్ ‘పి’ నుంచి కదలదు, గమనించారా? ఆ చిన్న ఏర్పాటు వెనక ఒక పెద్ద రచ్చ ఉంది.

1980లలో అమెరికాలో ఆడీ 5000 అనే కారు మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. “గేర్ వేయగానే దానంతట అదే దూసుకుపోతోంది” అని. 1986 నవంబర్‌లో సీబీఎస్ టీవీలో ‘60 మినిట్స్’ ప్రోగ్రాం ఆ కారులో పెడల్ దానంతట అదే కిందకి దిగుతున్నట్టు చూపించింది. జనం హడలిపోయారు. ఆడీ అమ్మకాలు పాతాళానికి పడిపోయాయి. తర్వాత బయటపడింది ఏమిటంటే, ఆ పెడల్ దిగడానికి కారు గేర్‌బాక్స్‌లోకి బయటి నుంచి ఒత్తిడితో గాలి ఎక్కించారట. 1989లో ప్రభుత్వ సంస్థ అధ్యయనం తేల్చింది వేరే. ఎక్కువ కేసుల్లో డ్రైవర్లు బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ నొక్కారు. పెడల్స్ అమరిక, ఇంజిన్ ఉన్నట్టుండి కాస్త రేజ్ అవడం లాంటివి వాళ్లని కంగారు పెట్టి ఉండొచ్చని కూడా చెప్పింది.

అలాంటి కేసుల్లో డ్రైవర్లు అబద్ధం చెప్పారా? లేదు. అసలు విషయం ఇక్కడే ఉంది. వాళ్లు నిజంగానే బ్రేక్ నొక్కామనే నమ్మారు.

అదే ఏడాది రిచర్డ్ ష్మిట్ అనే శాస్త్రవేత్త, మన శరీర కదలికల మీద పరిశోధన చేసే ఆయన, దీన్ని వివరించారు. మెదడు కాలికి ‘బ్రేక్ మీదకి వెళ్లు’ అని సరైన ఆర్డరే ఇస్తుంది. కానీ కండరాలు ప్రతిసారీ అంగుళం తేడా లేకుండా ఆ పని చేయలేవు. క్యారమ్స్‌లో గురి సరిగ్గానే చూస్తాం, స్ట్రైకర్ వెంట్రుకవాసి పక్కకి పోతుంది కదా, అలా. కాలు పక్క పెడల్ మీద పడుతుంది. ఆర్డర్ ఇచ్చింది బ్రేక్‌కే కాబట్టి, నొక్కింది బ్రేకే అని మెదడు ధీమాగా ఉంటుంది. బండి దూకుతుంది. మెదడు “అయ్యో, బ్రేక్ పనిచేయట్లేదు, ఇంకా గట్టిగా నొక్కు” అంటుంది. మిగతాది మీకు తెలుసు. రివర్స్ చేసేటప్పుడు ఇది ఇంకా సులువు. వెనక్కి చూడటానికి నడుము తిప్పితే, కాలు కూడా కొంచెం జరుగుతుంది.

అనుభవం ఉంటే కాపాడుతుందా? 2024 జులై 1 రాత్రి దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో, సిటీ హాల్ దగ్గర ఒక కారు వన్‌వేలో ఎదురు దూసుకొచ్చి జనం మీదకి ఎక్కింది. తొమ్మిది మంది చనిపోయారు. నడిపింది 68 ఏళ్ల మనిషి, బస్సు డ్రైవర్. కారు దానంతట అదే వెళ్లిపోయిందన్నారు. కారులోని రికార్డర్ చూస్తే యాక్సిలరేటర్ 99 శాతం దాకా నొక్కి ఉంది. ఆయన బూటు అడుగున యాక్సిలరేటర్ పెడల్ గుర్తు పడి ఉంది.

ఒకాయన హైవే పోలీసు, ఇంకొకాయన బస్సు డ్రైవర్. ఇద్దరికీ స్టీరింగ్ వెనక కూర్చోవడమే బతుకు. ఒకచోట కారు పట్టేసింది, ఒకచోట కాలు పొరబడింది. బయట నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల కూర్చున్నవాళ్లకి కూడా!

మన సెల్లార్‌కి వద్దాం

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. బ్యాంకులో రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు మాన్యువల్ కారు నడిపిన మనిషి. మోకాళ్ల నొప్పులని కొడుకు ఆటోమేటిక్ కొనిచ్చాడు. మూడో వారమో నాలుగో వారమో, సెల్లార్‌లో రివర్స్ చేస్తుంటే బండి ఒక్క ఉదుటున పోయి గోడకి గుద్దుకుంది. గోడ పక్కన అప్పుడే ఒక పాప సైకిల్ పెట్టి లిఫ్ట్ దగ్గరకి వెళ్లింది. సైకిల్ అప్పడమైపోయింది. నేను వెళ్లేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. “బ్రేకే నొక్కాను బాబూ” అని నాతో చెప్పారు, వాచ్‌మన్‌తో చెప్పారు, పాప తండ్రితో చెప్పారు. కొడుకు వచ్చి “ఇక మీరు కారు ముట్టుకోవద్దు నాన్నా” అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ముట్టుకోలేదు. గుడికి కూడా ఆటోలోనే వెళ్తున్నారు.

కారు తప్పా, కాలు తప్పా, నేను తీర్పు చెప్పను. కానీ ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను. షోరూమ్‌లో డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టించారు, నిమ్మకాయలు తొక్కించారు, ఫొటో తీశారు. మాన్యువల్‌కీ ఆటోమేటిక్‌కీ ఉన్న అసలు తేడా ఎవరైనా చెప్పారా?

ఆ తేడా ఇది. మాన్యువల్ కారులో కంగారు పడితే మన రెండు కాళ్లూ కిందకి పోతాయి. ఎడమ కాలు క్లచ్ మీద పడగానే ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. కుడి కాలు పొరపాటున యాక్సిలరేటర్ మీద పడినా, ఇంజిన్ అరుస్తుంది కానీ బండి దూకదు. ఏళ్ల తరబడి మనకి తెలియకుండానే మనల్ని కాపాడింది ఆ ఎడమ కాలే. ఆటోమేటిక్‌లో ఆ కాలికి పని లేదు. కాపలా తీసేశారు, కానీ కాపలా తీసేశామని చెప్పలేదు. మన డ్రైవింగ్ స్కూళ్లు ఎక్కువగా మాన్యువల్ మీదే నేర్పుతాయి. ఆటోమేటిక్ అంటే “ఏముంది, స్కూటీ నడిపినట్టే” అనేస్తాం.

స్కూటీ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పుకుందాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు భయపడితే ఏం చేస్తారు? హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటారు. బండి ముందుకు దూకితే ఒళ్లు వెనక్కి పోతుంది, దాంతో మణికట్టు ఇంకా తిరుగుతుంది, యాక్సిలరేటర్ ఇంకా పెరుగుతుంది. పెడల్ కథే, చేతిలో. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే చప్పుడు కూడా ఉండదు. ఆన్‌లో ఉందన్న సంగతే గుర్తుండదు. ముందు నిలబెట్టిన పిల్లాడు సరదాగా హ్యాండిల్ తిప్పితే చాలు. దిగేముందు ఆఫ్ చేయండి. సెకను పని.

ఆ ఐదు సెకన్లు

ఇక అసలు పాఠం. బండి మీ మాట వినకుండా పోతోంది. ఏం చేయాలి?

ఒకటి: నొక్కుతున్న కొద్దీ వేగం పెరుగుతుంటే, ముందు కాలు పూర్తిగా పైకి ఎత్తండి. ఇది మనసుకి నచ్చదు. “బ్రేక్ వదిలేయాలా?” అనిపిస్తుంది. కానీ అది బ్రేక్ కాకపోవచ్చు. ఎత్తగానే బండి నెమ్మదిస్తే సమాధానం దొరికినట్టే.

రెండు: ఎత్తినా బండి పోతూనే ఉంటే, బ్రేక్ మీద కాలు పెట్టి, ఉన్న బలమంతా పెట్టి ఒక్కసారే నొక్కి అలాగే పట్టుకోండి. వదిలి వదిలి నొక్కొద్దు. పెట్రోల్ కార్లలో బ్రేక్‌కి బలం ఇచ్చే బూస్టర్ ఇంజిన్ పీల్చే గాలి మీద ఆధారపడుతుంది. ఇంజిన్ పూర్తి రేజ్‌లో ఉంటే ఆ సాయం అందదు. నిల్వ ఉన్న బలం ఒకటి రెండు నొక్కులకే సరిపోతుంది. ఒక్కసారే గట్టిగా నొక్కితే మాత్రం మామూలు కార్లలో బ్రేకే ఇంజిన్‌ని ఓడిస్తుంది. 2010లో ‘కార్ అండ్ డ్రైవర్’ అనే అమెరికన్ పత్రిక కేమ్రీ మీద పరీక్షించి చూసింది. గంటకు దాదాపు 112 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంచి బ్రేక్ వేస్తే, మామూలుగా ఆగేదానికంటే ఐదు మీటర్లు మాత్రమే ఎక్కువ పట్టింది.

మూడు: గేర్ ‘ఎన్’లోకి, అంటే న్యూట్రల్‌లోకి నెట్టండి. మాన్యువల్ అయితే క్లచ్ తొక్కేయండి. ఇంజిన్ భయంకరంగా అరుస్తుంది. అరవనివ్వండి. ఇంజిన్ పాడైతే బాగుచేయించుకోవచ్చు.

నాలుగు: పక్కకి తీసి ఆపాక, అప్పుడు ఇంజిన్ ఆఫ్. కదులుతుండగా తాళం చెవి బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడొచ్చు. పుష్ బటన్ కారు అయితే, కదిలేటప్పుడు ఒక్క నొక్కుకి ఆగకపోవచ్చు. కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. ఆ లెక్సస్‌లో మూడు సెకన్లు పట్టాలి. తన సొంతది కాని కారులో, ఆ వేగంలో, అది ఎవరికి తట్టుతుంది? మీ కారుకి ఎంతసేపో మాన్యువల్ పుస్తకంలో ఉంటుంది. ఇవాళే చూడండి.

ఇవి కాక రోజూ గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని. మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేయొద్దు. డెకార్ షాపులో ఎంత అందంగా ఉన్నా, మీ మోడల్‌కి సరిపోనిది, క్లిప్పుకి తగలనిది వద్దు. డ్రైవర్ సీటు కింద వాటర్ బాటిల్ పెట్టొద్దు, అది దొర్లి బ్రేక్ కిందకి చేరితే నొక్కడానికి చోటే ఉండదు. కాలి నుంచి జారే చెప్పులు విప్పి పక్క సీటు కింద పెట్టండి. పెడల్ ఎప్పుడైనా పట్టేసినట్టు అనిపిస్తే “మళ్లీ అయితే చూద్దాం” అనుకోవద్దు. సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి, కాగితం తీసుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. ఆ అధికారం కదలాలంటే ముందు ఫిర్యాదులు లెక్కకి రావాలి.

ఎవరి తప్పు అనేది రెండో ప్రశ్న

జపాన్‌లో 2019 ఏప్రిల్‌లో 87 ఏళ్ల మాజీ ఉన్నతాధికారి నడిపిన కారు టోక్యోలో ఒక తల్లినీ, మూడేళ్ల కూతురినీ బలి తీసుకుంది. ఆయన కూడా కారుదే తప్పన్నారు. కోర్టు ఒప్పుకోలేదు, ఐదేళ్ల శిక్ష వేసింది. కానీ ఆ దేశం అక్కడితో ఆగలేదు. ఎదురుగా అడ్డం ఉండగా ఎవరైనా యాక్సిలరేటర్ ఒక్కసారిగా అదిమితే, “ఇది పొరపాటే అయ్యుంటుంది” అని కారే ఇంజిన్‌ని ఆపే ఏర్పాటుని, 2028 సెప్టెంబర్ నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో తప్పనిసరి చేయాలని నిర్ణయించింది. మనిషికి శిక్ష వేశారు. అయినా మనిషి కాలు మళ్లీ పొరబడుతుందని ఒప్పుకున్నారు. ఈ రెండూ ఒకేసారి చేయొచ్చు.

మనం మాత్రం వీడియో కింద నవ్వే ఎమోజీ పెట్టి వెళ్లిపోతాం. ఆంటీ, అంకుల్, లేడీ డ్రైవర్ అని జోకులు వేస్తాం. ‘నాకైతే అలా కాదు’ అన్న ధీమాలోంచే ఆ జోకులన్నీ పుడతాయి. ఆ బస్సు డ్రైవర్‌కీ అంతే ధీమా ఉండి ఉంటుంది.

మీలో చాలామంది ఇప్పుడు ఇంట్లో అమ్మకో నాన్నకో మొదటి ఆటోమేటిక్ కారు కొనిచ్చే వయసులో ఉన్నారు. సంతోషం. కొనివ్వండి. దాంతో పాటు ఒక ఆదివారం పొద్దున కూడా ఇవ్వండి. ఖాళీ గ్రౌండ్‌కి తీసుకెళ్లి, ఎడమ కాలు వెనక్కి పెట్టించి, కుడి మడమ నేలకి ఆన్చి బ్రేక్‌కీ యాక్సిలరేటర్‌కీ మధ్య పాతికసార్లు తిప్పించండి. చూడకుండా ‘ఎన్’లోకి మార్చడం ప్రాక్టీస్ చేయించండి. మెల్లగా పోతూ ఒకసారి బ్రేక్ పూర్తి బలంతో తొక్కించండి. ఇన్నేళ్లలో వాళ్లెప్పుడూ అలా తొక్కి ఉండరు.

“నాకు నువ్వు నేర్పుతావురా డ్రైవింగ్!” అంటారు. అననివ్వండి. పాతికసార్లూ అయ్యేదాకా మాత్రం తాళాలు మీ జేబులోనే ఉంచుకోండి.